అంటు ఎవరిది?

తెలుగున ‘అంటు’ అను చిన్న మాట మోయుచున్న బరువు పెద్దది. తిని విడిచిన పాత్రలు అంట్లు. ఒక జాతి మామిడికొమ్మను మఱియొక మొక్కకు చేర్చి కట్టినచో అంటుమామిడి. నెలకు మూడునాళ్లు ఆడుదానిని పెరటిలో కూర్చుండబెట్టునది అంటు. ఒక మనుష్యుని పుట్టుకను బట్టి గడపకు వెలుపల నిలుపునది అంటరానితనము. ఒకరినుండి యొకరికి ప్రాకునది అంటురోగము. ఒక మాటకు ఇన్ని యర్థములుండుట భాషకు సొంపే కావచ్చును. ఆ యర్థములన్నియు మన బుద్ధిలో ఒకదానితో నొకటి పెనవేసికొనియుండుట మాత్రము కీడు. ఆ కీడు ఎంతటిదో గుంటూరు వెలుపలనున్న యొక వృద్ధాశ్రమమున నేను కన్నులార చూచితిని. చూచితిననుట చాలదు, దానికి కారకుడను గూడ నేనే. ఆశ్రమము పేరుగాని, అందలివారి పేర్లుగాని ఇచట వ్రాయను. నా తప్పు మాత్రము దాచను.

మా మేనత్తకు అప్పటికి ఎనుబదిమూడేండ్లు. ముప్పదియేండ్లు నిండకమునుపే భర్తను పోగొట్టుకొన్నది, సంతానము లేదు. నరసరావుపేట ప్రాంతమున మా పూర్వుల యింటిలో ఒంటరిగా కాలము గడపెడిది. ఆమె మడి మా బంధువులలో ప్రసిద్ధము. మడిచీర ఆరవేసిన దండెమును కఱ్ఱతోనే తాకవలెను. ఆరిన చీర ఎవరి చేయి తగిలినను మరల తడవవలెను. స్నానము చేయక వంటయింటి గడప దాటిన పిల్లవాని వీపు మ్రోగవలెను. ఏబదియేండ్లలో ఒక్కనాడైనను ఆమె ఆ కట్టడి తప్పెనని చెప్పగలవారు లేరు.

2022 సెప్టెంబరులో ఆమె స్నానపుగదిలో జారిపడగా తుంటియెముక విరిగెను. శస్త్రచికిత్స జరిగినది. ఆసుపత్రిలో మూడు వారములు, పిమ్మట మా యింట నెలకు పైగా ఉన్నది. మాది రెండవ అంతస్తు. నాకును నా భార్యకును అరువది దాటినవి. పిల్లలిద్దరును సముద్రముల కావల నున్నారు. పడకమీది మనిషిని రాత్రికి నాలుగుమార్లు ఒత్తిగిలజేయుటకు మా బలము చాలదయ్యెను. ఈ మాట చెప్పుకొనుటకు సిగ్గుపడు ఇండ్లు మా ప్రాంతమున నేడు కొల్లలుగ నున్నవి. మిరపయు, పత్తియు, పొగాకును అమ్మిన సొమ్ముతో చదువుకొన్న బిడ్డలు హైదరాబాదునకును అమెరికాకును పోయిరి, ముసలివారు మిగిలిరి, వారికై ఆశ్రమములు వెలసెను. 2007లో పుట్టిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము జిల్లాకొక్కటియైనను ప్రభుత్వాశ్రమము ఉండవచ్చుననియు, అందు కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండవలెననియు చెప్పుచున్నది. డబ్బు చెల్లింపగలవారు ప్రైవేటు ఆశ్రమములను వెదకికొందురు. మేమును అట్లే వెదకితిమి.

ఆ నవంబరులోనే అత్తయ్య చేతివ్రేళ్ల సందులలో ఎఱ్ఱని పొక్కులు లేచెను. రాత్రులు గోకికొనెడిది. మందులకొట్టువాడిచ్చిన గొట్టములోని లేపనము పూసితిమి. ఎఱ్ఱదనము తగ్గినది, దురద తగ్గలేదు. వైద్యునికి చూపింపవలెనని అనుకొంటిమి. ఇంతలో ఆశ్రమమున ఒక పడక ఖాళీ అయ్యెను. నిర్వాహకుడు పూరింపుమని యిచ్చిన కాగితమున ‘చర్మవ్యాధులేమైనను కలవా?’ అను ప్రశ్న యుండెను. కలవని వ్రాసినచో పడక మఱియొకరికి పోవునేమో యను భయమొకటి. మా యింటిలో గజ్జియని వ్రాయుటెట్లను సిగ్గు మఱియొకటి. ‘లేవు’ అని వ్రాసి సంతకము చేసితిని.

ఆ ఆశ్రమమున ముప్పదియిద్దరు వృద్ధులు. అందు సగమునకు పైగా లేవలేనివారు. ఆయాలు ఆరుగురు, రాత్రివేళ ఇద్దరే. ప్రవేశద్వారము చెంత గోడకు చేతులు కడుగుకొను విధానమును బొమ్మలతో చూపు పటము వ్రేలాడుచుండెను. దాని క్రింద 2020 నాటి కరోనా భయమునుండి నిలిచిపోయిన శానిటైజరు సీసా. ఆ సీసా యెప్పుడు చూచినను నిండుగనే యుండెడిది. ప్రక్కన ఒక రిజిస్టరు. ఏ ఆయా ఏ గంటకు చేతులు కడుగుకొన్నదో అందు గుర్తు పెట్టవలెను. ఒక సోమవారము ఊరకే తిరుగవేసి చూడగా, ఆ వారపు శనివారము వరకును గుర్తులు పెట్టియుండెను! నేను నవ్వుకొంటిని. ఈ కూలిజనమునకు శుభ్రతయు నిజాయితీయు ఎన్నడబ్బునని మనసులో అనుకొంటిని. అబద్ధపు సంతకము చేసి రెండు వారములైనను కాని నేను అట్లనుకొంటిని.

నవ్వుటకు ముందు లెక్క వేసియుండవలసినది. తరువాత వేసితిని. రాత్రి ఒక్కొక్క ఆయాకు పదునార్గురు. ఒక్కొక్కరిని రాత్రికి నాలుగుమార్లు తాకవలసియుండును: ఒత్తిగిలజేయుట, బట్ట మార్చుట, నీరు త్రాగించుట, దొడ్డికి కూర్చుండబెట్టుట. తాకుటకు ముందొకమారు, పిదప ఒకమారు చేతులు కడుగవలెనని నియమము. సబ్బుతో సరిగా కడుగుటకు 40 నుండి 60 సెకండ్లు పట్టునని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. నిమిషమనుకొన్నచో 128 నిమిషములు. అనగా రెండు గంటలకు పైగా చేతులు కడుగుటకే చెల్లును. కుళాయియో, వసారా చివర ఒక్కటే. అంతదూరము నడచి వచ్చు కాలమును నేను లెక్కలో చేర్చలేదు. ఇట్టి నియమమును గోడకు తగిలించినవాడు దానిని ఎవరైన పాటింతురని నమ్మియుండడు. ఎవరైన తనిఖీకి వచ్చినప్పుడు చూపుటకు రిజిస్టరు కావలెను, రిజిస్టరున గుర్తులు కావలెను, గుర్తులు పడుచుండెను.

సంక్రాంతి వెళ్లిన వారమునకు అత్తయ్య గదిలోని మఱి యిద్దరు స్త్రీలు గోకికొన మొదలుపెట్టిరి. ఫిబ్రవరి నాటికి పదునొకండుగురు. రాత్రియయ్యెనా ఆశ్రమమంతయు గోళ్ల చప్పుడే. ఎక్కడనుండి వచ్చినది? ఎవరు తెచ్చిరి? ఈ ప్రశ్న పుట్టిన దినముననే జవాబును దొరకెను. ఆయాలలో ఒకామె నగరపు అంచున ఒక పేటనుండి వచ్చెడిది. రాత్రి ఆశ్రమమున పని. మిరప దిగు కాలమున పగలు యార్డు ప్రాంతమున తొడిమలు తీయు కూలి. మిర్చియార్డునకు సరకు ముమ్మరముగ వచ్చు ఆ నాలుగైదు మాసములలో వేలమంది స్త్రీలు ఈ పనికి పోవుదురు. ఆమె చేతులు ఎఱ్ఱబారి, తోలు లేచి, పగిలియుండెను. ఆ చేతులను చూచి నిర్వాహకుడు “ఇదిగో, దొంగ దొరికినది” అనెను.

ఆ పిమ్మట జరిగినది తలచుకొన్నచో నేటికిని నాకు తల వంగును. ఆమెకు వేఱు కంచము, వేఱు గ్లాసు ఏర్పరచిరి. వాటిని వెలుపలి గోడమీద పెట్టిరి. అన్నము వడ్డించునది ఎత్తినుండి పోసెడిది. కూర్చుండు చోటు గడప కీవల. ఇది అంటురోగ నివారణమట! పేరు క్రొత్తది, ఏర్పాటు మాత్రము మా తాతలనాటిది. నిన్నటివరకు ఆమె చేతిమీదుగ గంజి త్రాగిన మా అత్తయ్య, “దాని చేతి నీళ్లు నేను తాగను” అని ముఖము త్రిప్పికొనెను.

ఒక సాయంకాలము నేను పోవుసరికి ఆమె మెట్లమీద నుండెను. నన్ను చూచి లేచి, రెండు చేతులును చాచి చూపినది.

“బాబుగారూ, ఇది గజ్జి కాదండీ. మిరపకాయల మంట. ఆ సీసాలో మందు రాసుకుంటే చేతులు భగ్గుమంటాయి, అందుకని రాసుకోలేదు. అది నా తప్పే. కానీ మామ్మగారి వేళ్లు వచ్చిన రోజే ఎర్రగా ఉన్నాయి, నేను చూశాను. మీరైనా ఒక మాట చెప్పండి.”

ఆ ఒక్క మాట నా నోట రాలేదు. “కనుక్కొందునులే” అని లోనికి పోయితిని. చేతులు కడుగుకొనుటకు మాఱు చేతులు దులుపుకొంటిని. నాలుగు దినములకు ఆమెను పనిలోనుండి తీసివేసిరి. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యని సామెత కలదు గదా. మా యింట అత్త తప్పు దుత్తమీద పడినది.

ఆమె పోయినను గజ్జి పోలేదు. మార్చి మొదట బాధితులు పదునెనిమిది మంది యైరి. అందు ఒక వృద్ధుడుండెను. ఒకప్పుడు పత్తిమిల్లులో పనిచేసినవాడు, మితభాషి. గోకుడుచే ఆయన కాళ్లమీద పుండ్లు పడెను; పుండ్లు చీము పట్టెను; జ్వరము వచ్చెను. ఆసుపత్రికి చేర్చిన ఆఱవనాడు కన్ను మూసెను. చీము పట్టిన పుండునుండి విషము నెత్తురులో కలియుట గజ్జివలన కలుగు కష్టములలో కెల్ల పెద్దది యని పిమ్మట తెలిసికొంటిని. ఆయనకు ముందునుండి మధుమేహము గూడ కలదు. కారణమేదని ఎవరైన అడిగినచో నేను తీర్పు చెప్పువాడను కాను. ఆ కాగితముపై నేను వ్రాసిన రెండక్షరములు మాత్రము ఆ దినమునుండి నాకు కనుమఱుగు కాలేదు.

అప్పటికిగాని చర్మవైద్యుని పిలుచుట జరుగలేదు. ఆయన వచ్చి అందఱను చూచెను. మా అత్తయ్య మణికట్టుమీద కట్టిన పొలుసును గీసి సూక్ష్మదర్శినితో చూచి, పురుగులు కుప్పలుగ నున్నవనెను. గజ్జి యనునది కంటికి ఆననంతటి పురుగు చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టుటవలన వచ్చునది. మొదటిసారి సోకినవానికి నాలుగు మొదలాఱు వారములవఱకు దురద పుట్టదు. ఆ లోపల వానినుండి పరులకు సోకవచ్చును. మంచము పట్టిన ముసలివారిలో అది పొలుసులు కట్టి వేలకొలది పురుగులకు నెలవగును. మందులకొట్టు లేపనములోని స్టిరాయిడు పైకి ఎఱుపును మాన్పి లోపల పురుగును పోషించును. వైద్యుడు ఇంత చెప్పి, “ఈమెకిది ఎప్పటినుండి?” అని యడిగెను. నవంబరునుండి యని చెప్పితిని. నిర్వాహకుడు నావైపు చూచెను. ఆయన యేమియు అనలేదు, అనియున్న బాగుండెడిది.

చికిత్స సులభమే. పెర్మెత్రిన్ లేపనమును మెడనుండి అరికాలివఱకు పూసికొని రాత్రియంతయు ఉంచుకొని ఉదయమున స్నానము చేయవలెను. వారమునకు మరల ఒకమారు. బట్టలు, దుప్పట్లు వేడినీట నుతికి యెండవేయవలెను. ఉతుకరానివానిని సంచిలో మూటకట్టి కొన్నినాళ్లు ముట్టకుండవలెను. ఇందు కీలకమొక్కటే: ఇంటిలోని వారందఱును, దురద యున్నను లేకున్నను, ఒక్కరాత్రియే పూసికొనవలెను. ఒక్కరు తప్పినను ఆ ఒక్కరినుండి అందఱకును మరల వచ్చును.

ఇచటనే నాకు రెండవ పాఠము దొరకినది. ఆయాలు ఐదుగురును మాఱు పలుకక పూసికొనిరి. పూసికొననివారెవరు? “నాకు గజ్జియా?” అని నిర్వాహకుడు పూసికొనలేదు. గొప్ప యుద్యోగము చేసి విశ్రాంతి తీసికొన్న యొక పెద్దమనిషి “ఇది నౌకర్ల జబ్బు” అని గొట్టమును ప్రక్కకు త్రోసెను. మా యింట నా భార్య, “వారమునకొకసారి పోయి పది నిమిషములు కూర్చుండినంత మాత్రాన మనకెందుకు?” అనెను, నేనును సరే యంటిని. ఊరందఱిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి యన్నట్లు మేమందఱమును ఉలిపికట్టెలమైతిమి. మూడు వారములకు మరల దురద. ఈసారి వైద్యుడు నిర్వాహకుని చేయిపట్టుకొని వెలుతురులో చూపి, “ఇదిగో, మీ వ్రేళ్ల సందున” అనెను. నా నడుముమీదను ఉండెను. రెండవ విడత ఎవరును తప్పించుకొనలేదు. ఏప్రిలు చివరకు ఆశ్రమమున రాత్రులు నిశ్శబ్దమయ్యెను.

నియమోల్లంఘన మనగానే మన చూపు క్రిందికి పోవును: ఆయామీదికి, పాకీపనివానిమీదికి, వంటమనిషిమీదికి. చరిత్రను చూచినచో కథ వేఱుగ నుండును. 1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవములను కోసిన చేతులతోనే వైద్యులు బాలింతలను పరీక్షించుటవలన వారు జ్వరముతో చనిపోవుచున్నారని కనిపెట్టెను. సున్నపు క్లోరినునీటితో చేతులు కడిగించెను. చావులు ఒక్కపెట్టున తగ్గెను. అయినను వైద్యులలో పలువురకు ఆ మాట రుచింపలేదు. తమవంటి పెద్దల చేతులు మలినములనుట వారికి అవమానముగ తోచెను. సెమ్మెల్‌వైస్ 1865లో పిచ్చాసుపత్రిలో మరణించెను. 2009లో ప్రపంచారోగ్య సంస్థ వెలువరించిన చేతిశుభ్రతా గ్రంథమున, పలుదేశముల పరిశీలనలను కూర్చి చూడగా, కడుగవలసిన సందర్భములలో వైద్యసేవకులు నిజముగ కడిగినవి సగటున నూటికి నలుబదికి లోపే యని తేలెను. కాబట్టి చేయి కడుగకపోవుట చదువులేనివారి లక్షణము కాదు. కడుగుమని చెప్పువాడు లేనిచోట, చెప్పినను కడుగుటకు వీలులేనిచోట, మానవుడెవడైనను అట్లే చేయును.

వీలు లేకపోవుట యెట్టిదో అమెరికాదేశమే చూపినది. 2020 ఫిబ్రవరి చివర వాషింగ్టన్ రాష్ట్రమున కిర్క్‌లాండు అను ఊరి వృద్ధసంరక్షణాలయమున కరోనా బయటపడి పలువురు వృద్ధులను పొట్టనపెట్టుకొనెను. అది అంతగా ప్రాకుటకు కారణములను ఆ ప్రభుత్వపు రోగనివారణ సంస్థవారే విచారించి చెప్పిరి: పనివారు జబ్బుతోనే పనికి వచ్చిరి, ఒకే మనిషి రెండుమూడు గృహములలో పనిచేసెను, రక్షణసామగ్రి వాడుక వారికి సరిగా తెలియదు. ధనికదేశపు సేవకురాలు రెండవ ఆశ్రమమునకు పోవుటకును, మన గుంటూరు ఆయా మిరపతొడిమలకు పోవుటకును కారణమొక్కటే. ఒక్క పనితో ఇల్లు గడవదు. జబ్బుచేసిన దినమున మానినచో కూలి రాదు.

అంతయేల? చేతులు కడుగు నీరైనను శుభ్రమైనదా యని మన యూరివారికి అడుగు హక్కు కలదు. 2018 మార్చిలో పాత గుంటూరున ఆనందపేట మొదలైన చోట్ల త్రాగునీటిలో మురుగు కలిసి అతిసారము ప్రబలి పలువురు చనిపోయిరి. ఆ నీరు కొళాయి త్రిప్పినవారి తప్పు కాదు.

అంటు మోసినది మనిషియే గాని మనిషియే అంటు కాదను సంగతి మనము మఱచినప్పుడెల్ల ఘోరములు జరిగినవి. మా ప్రాంతముననే బాపట్లలో సాల్వేషన్ ఆర్మీవారు కుష్ఠరోగులకై ఆసుపత్రిని నడపిరి. తమవారు వెలివేసినవారికి అది ఆశ్రయమైనది. పలుమందుల చికిత్సను ప్రపంచారోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన పిదప ఆ రోగము నయమగు జబ్బులలో చేరినది. మందు మొదలుపెట్టిన రోగినుండి అది పరులకు సోకుట కొలదికాలముననే నిలిచిపోవును. అయినను రోగులను వేఱుపెట్టుటకు 1898లో ఆంగ్లేయులు చేసిన చట్టమును మనము 2016 వఱకు రద్దు చేసికొనలేదు. రోగము పోయిన పిదపను వెలి పోలేదు. మందు శరీరమునకే పనిచేయును.

ఇక మా అత్తయ్య మడి సంగతి. దానిని తిట్టి ముగించుట సులభము. కాని అందులో నేర్చుకొనవలసినది కొంత కలదు. మనవారికి కట్టుబాటు చేతకాదనువారు ఆమెను చూడలేదు. ఏబదియేండ్లు ఒక్క నియమము తప్పకుండుట ఏ దేశపు ఆసుపత్రియందును లేదు. అది ఆమెకెట్లు సాధ్యమైనది? పాత యింటి కట్టడమే అందుకు అనువుగ నుండెను. గడప ముందు నీళ్ల గోలెము, దానిమీద చెంబు. కాళ్లు కడుగక లోనికి పోవుటయే కష్టము. పెరటిలో బావి, బావిచెంత దండెము. నియమమున్నచోటనే నీరుండెను. ఇంటిలో పెద్దవారు ముందు పాటించిరి. పిల్లలు చూచి నేర్చిరి. గోడమీద పటము లేదు, రిజిస్టరు లేదు.

అయితే ఆ మడి ఎవరిని కాపాడుటకు పుట్టినది? మడి కట్టుకొన్నవారినే. ఎదుటివాని మైల తనకు తగులకుండుట దాని లక్ష్యము. అంటురోగ నివారణమునకు లక్ష్యము దీనికి తలక్రిందు: నా మైల ఎదుటివానికి తగులకూడదు. మంచమునపడిన ముసలివాడు తన్ను తాను కాపాడుకొనలేడు. తన్ను తాకు ప్రతి చేతినుండియు ఆతనిని కాపాడవలెను. అందులో డాక్టరు చేయి, నిర్వాహకుని చేయి, ఆదివారము బత్తాయిపండ్లు తెచ్చు మేనల్లుని చేయి గూడ చేరును. మేము చేసినదేమనగా, మడియొక్క పట్టుదలను వదలివేసి దాని గర్వమును మాత్రము తెచ్చి, దానికి శుభ్రత యని పేరు పెట్టితిమి.

ఇప్పుడా ఆశ్రమమున కొన్ని మార్పులు జరిగినవి. ప్రతి గది ద్వారముచెంతను ఒక కుళాయి పెట్టించిరి. అందుకైన ఖర్చులో కొంత నేను భరించితిని, భరింపవలసినవాడను గనుక. రాత్రి ఆయాలు నలుగురైరి. రిజిస్టరు తీసివేసిరి; దానికి మాఱుగ నెలకు ఎన్ని సబ్బులు అరిగినవో చూచుచున్నారు. గుర్తులు అబద్ధమాడవచ్చును గాని సబ్బు అబద్ధమాడదు. జ్వరమో, దగ్గో, దురదయో యున్నదని చెప్పిన ఆయాకు ఆ దినపు జీతము కోయరు. ఇది నిర్వాహకునికి మొదట మింగుడుపడలేదు. దాచిన జబ్బుకు తాను పెట్టిన ఖర్చెంతయో లెక్క చూచుకొన్న పిదప మింగుడుపడినది. చేరిక కాగితమున ఆ ప్రశ్న క్రింద ఒక వాక్యము క్రొత్తగా చేర్చిరి: ‘కలదని వ్రాసినంత మాత్రమున చేరిక నిరాకరింపబడదు.’ ఆ వాక్యము 2022లో ఉన్నచో నేను నిజము వ్రాసియుందునా? వ్రాసియుందునని అనుకొనుట నాకు సుఖము. వ్రాయవలసిన బాధ్యత మాత్రము ఆ వాక్యము లేనప్పుడును నాదే.

మిగిలినది ఒక ఋణము. మే నెలలో ఆ ఆయాను వెదకుచు పేటకు పోయితిని. ఇంటిలో లేదు, శీతలగిడ్డంగికి పోయినదనిరి. అచ్చటికే పోయితిని. మధ్యాహ్నపు టెండ, మిరపఘాటుకు నాకు కన్నులు మండెను, తుమ్ములు వచ్చెను. వరుసగ కూర్చుండి తొడిమలు తీయుచున్న స్త్రీలలోనుండి ఆమె లేచి, కొంగుతో చేతులు తుడుచుకొనుచు వచ్చెను. అత్తయ్య వలననే గజ్జి వచ్చెననియు, అది నాకు ముందే తెలియుననియు, తెలిసియు నోరు మెదపలేదనియు చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండెను.

“అప్పుడే ఆ మాట అని ఉంటే సరిపోయేది గదండీ,” అనెను. మఱికొంత సేపటికి, “మామ్మగారికి తగ్గిందా?” అని యడిగెను.

తగ్గినదంటిని. మరల పనికి రమ్మని నిర్వాహకుడు చెప్పి పంపెనంటిని. ఆమె తల అడ్డముగ త్రిప్పెను. “గోడమీద కంచం పెట్టిన చోటికి నేను రానండి. పిల్లలకు తెలిసిపోయింది.” ఆ మాటకు నావద్ద జవాబు లేదు. ఆమెకు రావలసిన నెలన్నర జీతమును నిర్వాహకునిచే ఇప్పించితిని. ఆమె లెక్కపెట్టుకొని తీసికొన్నది. పోవునపుడు మాత్రము, “మంటకు ముందు కొబ్బరినూనె రాసుకొని తర్వాత సబ్బుతో కడుక్కుంటే పోతుందండీ, ఇప్పుడు వచ్చే ఆయాలకు చెప్పండి. ఒట్టి నీళ్లతో పోదు,” అని చెప్పినది. మిరపఘాటు నీటిలో కరుగదు, నూనెలో కరుగును, ఇది శాస్త్రసమ్మతమే. ఆ సంగతి గోడమీది పటమున లేదు. నేడు ఆశ్రమపు ప్రతి కుళాయి చెంతను సబ్బుతోపాటు ఒక కొబ్బరినూనె సీసాయు ఉన్నది.

చదువరులారా, మీ పెద్దలను ఏదైన ఆశ్రమమున చేర్చియున్నచో, ఈ ఆదివారము అచటికి పోయినప్పుడు కుళాయి ఎచట నున్నదో చూడుడు. పడకనుండి అచటికి ఎన్ని యడుగులో నడచి చూడుడు. రాత్రి ఎందఱికి ఎందఱు ఆయాలో అడుగుడు. జబ్బుపడిన దినమున వారికి జీతమున్నదో లేదో అడుగుడు. ఈ ప్రశ్నలన్నిటికిని ముందు మీ చేతులు కడుగుకొనుడు. దగ్గుండెనేని వెనుకకు తిరిగి రండు. మీ చేతికి కాగితమిచ్చిన దినమున నిజము వ్రాయుడు. అంటు ఎవరు తెచ్చిరని ఎవరైన అడిగినప్పుడు గడపమీద కూర్చున్నవారివైపు చూడకుడు. అట్లు చూచినవారిలో నేనొకడను. అప్పుడు పురుగు నా నడుముమీదనే యుండెను.